సూది గుచ్చని అంకెలు

భావనపాడు,
12-2-2017.

బావకి తులసి రాసేది. నేను, పాప కులాసాగానే ఉన్నాం. అత్త ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పది రోజులైంది, రెండు పూటలా గంజి తాగతన్నాది. వేరావల్‌లో నువ్వూ, బోటు మీద మనోళ్ళూ బాగున్నారని తలుస్తాను.

గంగులు మావ చేత పంపిన ఉత్తరం అందింది. పాప బడికి ఎళ్తన్నాది. ఇంటి మీద కమ్మలు మార్పించినాను. అత్తకి పుండు మానతన్నాది, మోకాలి కింద కట్టు రోజు విడిచి రోజు నర్సమ్మ మారుస్తాది. కర్ర పట్టుకుని నిలబడ్డానికి ఇంకా భయపడతన్నాది. చేపల తట్ట లక్ష్మణమ్మ పిన్నికి ఇచ్చీమంది. ఇచ్చీసినాను.

నువ్వు ఇంకొకటి అడిగినావు. మిషన్‌లో సుగరు బాగుందని రోజూ సెప్పీదానివి కదా, మరి కాలు తీసీసేదాకా ఎందుకొచ్చిందీ అని. ఫోన్లో అడిగినప్పుడు మాట మార్చీసినాను. ఇప్పుడు రాస్తాను.

వైజాగ్ కాలేజీ నుంచి అనూరాధ మేడం వచ్చి ఆ మిషన్ ఇచ్చిన సంగతి నీకు తెలుసు. వేలికి క్లిప్పు పెడితే ఎర్ర లైటు వెలుగుతాది, నెత్తురు తియ్యకుండానే సెల్లులో సుగరు అంకె వస్తాది. అది ఇంకా పరీక్షలోనే ఉందనీ, ప్రతిసారీ సూదితో కూడా చూసి రెండు అంకెలూ పుస్తకంలో రాయాలనీ మేడం మరీ మరీ సెప్పింది. సూది అంకెనే నమ్మండి అంది.

పందొమ్మిది రోజులు అలాగే రాసినాను. అత్త వేళ్ళు ఉప్పుకీ చేప ముళ్ళకీ పగిలిపోయి ఉంటాయి కదా, సూది తీస్తే చెయ్యి వెనక్కి లాక్కునీది. ఒక రోజు నాకు గుచ్చబుద్ధి కాలేదు. లైటు 138 అంటే, సూది గడిలో 142 అని రాసీసినాను. తర్వాత రోజూ అంతే. రెండూ ఒకటే వస్తన్నాయి, ఇంక సూది అక్కర్లేదని మేడం అందని అత్తకి అబద్ధం సెప్పినాను. రెండు నెలలు, బావ.

డిసెంబరులో ఒడ్డున అత్త కాలికి జెల్ల చేప ముల్లు దిగింది. సుగరు బాగానే ఉంది, అదే మానతాదిలే అని పసుపు పెట్టుకుని, తట్టెత్తుకుని ఊళ్ళు తిరిగింది. నేనూ వద్దనలేదు. పాదం నల్లబడ్డాక శ్రీకాకుళం తీసుకెళ్తే, అక్కడ సుగరు 480.

కాలు తీసీసిన మూడోనాడు మేడం ఆస్పత్రికి వచ్చింది. మీ పుస్తకంలో అంకెలు కలిసినంత బాగా ఇంకెక్కడా కలవలేదక్కా, అది చూసే ఇంకో నాలుగు ఊళ్ళకి ఇద్దామనుకున్నాం, ఎక్కడ తప్పు జరిగిందో తెలీడం లేదు అని ఏడ్చింది. అప్పుడు సెప్పీసినాను. మేడం ఏ తారీకు నుంచి అని మాత్రం అడిగింది. పుస్తకం తీసి ఒక్కొక్క పేజీ మీదా అడ్డంగా గీత కొట్టుకుంటూ పోయింది.

మంచం మీద అత్త అంతా వింది.

"నిజం సెప్పుంటే, ముల్లు దిగిన రోజే ఆస్పత్రికి ఎళ్దును కదే," అంది. అంతే. అటు తిరిగి పడుకుంది.

కొండబాబు వేరావల్ వస్తన్నాడు, ఉత్తరం ఇస్తానని నిన్న అత్తకి సెప్పినాను. నన్ను దగ్గరికి పిలిచింది.

"మిషనే తప్పు సూపించిందని రాయి. ఆడికి నీ మీద మనసు ఇరిగిపోతే పాప ఏటైపోతాది?"

అలాగే రాద్దామని కూర్చున్నాను బావ. రాయలేకపోయినాను. నువ్వు నన్ను ఏటనుకున్నా సరే, ఇది చదివినాక అమ్మకి ఒకసారి ఫోన్ చెయ్యి. కట్టు విప్పినప్పుడు నీ పేరు పెట్టే పిలుస్తన్నాది.

ఇట్లు,
నీ కూతురి తల్లి,
తులసి.