నత్తని ముందు పెట్టారు

అన్నయ్యా,

నేను కులాసా. సైకిలెక్కి సముద్రం దాకా వెళ్ళానని ఇంట్లో ఎవరూ కంగారు పడకండి, ఒంటి మీద ఒక్క గీరు లేదు. ఆదివారం మంచి ఎండ కాస్తుంటే మా కుట్టు వర్క్‌షాపు వాళ్ళం పదకొండు మందిమి బయల్దేరాం. ఊరు దాటి పొలాలు మొదలయ్యేసరికే నేను వెనకబడ్డాను. వాళ్ళు ఏ చెట్టు కిందో ఆగి చూస్తారు, నేను రొప్పుతూ చేరగానే "పదండి పదండి" అంటూ ఎక్కేస్తారు. విశ్రాంతి అంతా వాళ్ళకే. మూడోసారికి నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు కటింగ్ మాస్టారు, "ఇక మన నత్త ముందు. తనని ఎవరూ దాటొద్దు," అన్నారు. ఆ తర్వాత ఎవరి కోసం ఎవరూ ఆగాల్సిన పని పడలేదు. సముద్రం అందరికంటే ముందు నాకే కనబడింది.

వంటింటి కుళాయి కారడం తగ్గిందా? నా పాత స్వెట్టరు పంపించు. వదినని అడిగానని చెప్పు.

"అమ్మతో బజారుకెళ్తే తన కోసం ఆగి ఆగి చూడలేక చస్తున్నా" అని రాశావు. అక్కడున్నప్పుడు నేనూ అంతే. మలుపులో నిలబడి, అమ్మ రాగానే కదిలిపోయేదాన్ని. మరి తను ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందని ఒక్కసారీ అనుకోలేదు.

అమ్మా, పేరు అన్నయ్యదైనా ఈ కార్డు ముందు చదివేది నువ్వేనని నాకు తెలుసు. ఈసారి బజారుకి నువ్వే ముందు నడు.

మీ నత్త