చీకట్లో కొండలు ఉచితం

అబిడ్స్,
నవంబర్ 4

గౌరవనీయులైన మొగులయ్య బావగారికి, అమరేశ్వరరావు నమస్కారాలు.

మా గల్లీ నుంచి మీ నాంపల్లికి ఆటో ఎక్కితే కునుకు పట్టేలోపే దిగాలి. అయినా ఉత్తరం రాస్తున్నాడేమిటి ఈయన అనుకోకండి. ఫోన్ చేద్దామంటే మా లహరి పక్క గదిలోనే ఉంటుంది, ప్రతి మాటా వినబడుతుంది. ఇంటికి వద్దామంటే మీ గుండెకు స్టెంట్ వేసి రెండు నెలలే అయింది, జనం మీద పడి మాట్లాడించకూడదని డాక్టర్ గారు అన్నారట. అందుకని ఈ కాగితం.

మనం వియ్యంకులమైన కొత్తలో పిల్లలిద్దరూ ఒక మాట ఇచ్చారు, గుర్తుందా? మన నలుగురినీ యూరప్ తిప్పుతామని. ఆరుగురం కలిసి. ఇప్పుడేమో వాళ్లు అలిగి చెరో చోట కూర్చున్నారు. మా లహరి మా ఇంట్లో, మీ మల్లేష్ కొండాపూర్ ఫ్లాట్‌లో. సంసారమన్నాక మాట పట్టింపులు ఉంటాయి, మీరు దాని గురించి దిగులు పెట్టుకోకండి. ఆ ప్రయాణమేదో మనమే పెట్టుకుని వాళ్లను వెంటబెట్టుకుని పోతే, తిరిగొచ్చేసరికి అంతా సర్దుకుంటుందని నా నమ్మకం.

గన్‌ఫౌండ్రీ బ్యాంకులో ఒక జీవితమంతా నోట్లు లెక్కపెట్టినవాణ్ణి, బడ్జెట్ నాకు వదిలేయండి. ఎప్పుడో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న యూరప్ గైడు పుస్తకం ఉంది నా దగ్గర. పారిస్ వీధులు నాకు కంఠతా వచ్చు, చూడ్డమే మిగిలింది. పారిస్, రోమ్, వెనిస్. పారిస్‌లో ఇద్దరికి గది ముప్పై ఫ్రాంకులు, టిఫిన్‌తో కలిపి. కొండలు పెట్టలేదు. స్విట్జర్లాండ్‌లో ఆరుగురం టీ తాగే డబ్బుతో రోమ్‌లో భోజనం చేయవచ్చట. పైగా పట్నంలో చూడ్డానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి పిల్లలకు పోట్లాడుకునే తీరిక ఉండదు.

మీ బావ,
అమరేశ్వరరావు

తా.క.: మా ఆవిడ సుబ్బరత్నం అప్పుడే ఆరుగురికి సరిపడా పులిహోర పొడి చేసింది. చేస్తున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఎండుమిరపకాయలు బాగా ఘాటు లెండి.

నాంపల్లి,
నవంబర్ 9

అమరేశ్వరరావు బావగారికి మొగులయ్య దండాలు.

మీ ఉత్తరం అందింది. పుస్తకాల తెలుగుల జవాబు రాద్దామని కూసున్న గని చేతికి వస్తలేదు. మాట్లాడినట్టే రాస్తున్న, తప్పు పట్టకుండ్రి. ఫోన్ సంగతి మాకాడ గూడ గట్లనే ఉన్నది. గుండెకు మంచిది కాదని మా ఇంటామె పోశవ్వ నా ఫోన్ గుంజుకొని బియ్యం డబ్బాల పెట్టింది.

పిల్లల సంగతికి మీరు ఫికర్ చేయకుండ్రి. మీ బీపీ సంగతి నాకెరుకే. ఆలుమగలన్నంక అలుగుతరు, మల్ల కలుస్తరు. డాక్టర్ ఎండకాలం దాక ఆగమన్నడు, అప్పుడు ఆరుగురం పోదాం. గని నన్ను పట్నాలకు తీస్కపోకుండ్రి, కొండలకు తీస్కపోండ్రి.

ఎందుకంటరా? పట్నంల ఏమైతది? మన బిడ్డ లహరి షాపులకు పోతది, మావోడు బయట నిలవడి ఫోన్ చూస్తడు. గది మన అబిడ్స్‌ల రోజు అయ్యేదే, గాదానికి విమానమెందుకు? కొండ మీదనైతే అలిగి పోదామన్నా పోనీకె జాగ ఉండదు. చలికి తప్పదు, దగ్గరికి జరుగుతరు.

ఇంకో మాట గూడ ఉన్నది. శ్రీశైలం ఘాట్ మీద ఇన్నేండ్లు బస్సు నడిపిన. బస్సుల కూసున్నోళ్లంత "అబ్బ, ఎంత మంచిగున్నది" అనుకుంట కొండలు చూసేటోళ్లు. నేను చూడలె. నేను చూస్తే బస్సు లోయల ఉంటది. రోడ్డు ఎరుక నాకు, కొండ ఎరుక లేదు. ఒక్కసారి ఇంకెవడన్న నడుపుతుంటే, కిటికీ కాడ కూసొని, తీరుబాటుగ ఒక కొండను చూడాలె. దవాఖాన మంచం మీద పండుకున్నప్పుడు నాకు యాదికొచ్చింది గిదొక్కటే.

ఇట్లు,
మీ మొగులయ్య

తా.క.: మా పక్కింటి అంజన్ ట్రావెల్స్‌ల పనిచేస్తడు, వాన్ని అడిగిన. ఫ్రాంకులు బందయి ఇరవై ఏండ్లు దాటిందంట. మీకు ముప్పై ఫ్రాంకులకు గది ఇస్తనన్న హోటలాయన బతికున్నడో లేడో జర కనుక్కోండ్రి.

అబిడ్స్,
నవంబర్ 14

మొగులయ్య బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆ పూట భోజనం చేయలేదు. లహరి షాపులకు పోతుందన్నారు. పెళ్లి చీర కొనడానికి కూడా ఆ పిల్లను బతిమాలి తీసుకెళ్లాం. దాని కాపురం ఇలా అవడానికి షాపులు కారణమా? బయట నిలబడి ఫోన్ చూసుకునే మనిషి లోపలికి రమ్మంటే రాకపోతే ఆ తప్పు ఎవరిది? మీరు పెద్దవారు, గుండె జబ్బు మనిషి, అందుకే ఇంతకంటే రాయను.

కోపం తగ్గాక మీ కోరిక గురించి ఆలోచించాను. న్యాయమైన కోరికే. ఫ్రాంకుల సంగతీ నిజమే. యూరోల్లో మళ్లీ లెక్కేశాను, వేసిన దగ్గర్నుంచి నాకే ఛాతీలో పట్టేసినట్టుంది. ఆరుగురికి పట్నాలూ కొండలూ రెండూ కుదరవు బావగారూ. ఎటు తిప్పినా ఏదో ఒకటే వస్తోంది.

అయినా ఒక ఉపాయం కనిపెట్టాను. రోమ్ నుంచి మ్యూనిక్‌కు రాత్రి రైలు ఉంది. సరిగ్గా ఆల్ప్స్ కొండల మధ్యలోంచే పోతుంది. రైల్లోనే పడుకుంటాం కాబట్టి హోటల్ ఖర్చు మిగులుతుంది, కొండలు దారిలోనే వచ్చేస్తాయి, నడిపేది వేరొకడు. కిటికీ పక్కన మీరే. ఇంతకంటే ఏం కావాలి?

మీ బావ,
అమరేశ్వరరావు

తా.క.: రైలు కొండలు దాటేటప్పుడు బయట చీకటిగా ఉంటుందట. కానీ కొండలు అక్కడే ఉంటాయి, అందులో అనుమానం లేదు. వాటికి వేరే టికెట్టు కూడా అక్కర్లేదు.

నాంపల్లి,
నవంబర్ 19

అమరేశ్వరరావు గారికి,

బావ అని రాయలేదని చూసుకున్నరు గద. కావాలనే రాయలేదు.

చీకట్ల కొండలు చూపిస్తరా నాకు? చీకట్ల నేను మస్తు చూసిన. నైట్ డ్యూటీలు ఎవరు చేసిన్రనుకున్నరు? చీకట్ల కొండకు, మా ఇంటెన్క గోడకు ఫరకేమున్నది? గోడనైతే పాస్‌పోర్టు లేకుండ చూడొచ్చు.

నాకు అర్థమైంది. డ్రైవర్ గదా, వీనికి చీకటి చాలనుకున్నరు. పట్నాలు మీకు పగటి పూట కావాలె, కొండలు మాకు చీకట్ల కావాలె. మావోడు రమ్మంటే లోపలికి రాడన్నరు. సరే, రాడు. మరి రమ్మని పిలిచేతందుకు గూడ ఒక తీరుంటది. నలుగుట్ల నిలవెట్టి "ఏం మనిషివి నువ్వు" అంటే ఎవడొస్తడు లోపలికి?

ఇగ నా మాట ఇనుండ్రి. మీరు ముగ్గురు పట్నాలకు పోండ్రి. మేము ముగ్గురం కొండలకు పోతం. ఎవరి ఖర్చు వాళ్లది, ఎవరి దారి వాళ్లది. వచ్చినంక ఫొటోలు చూసుకుందాం, చూసుకోబుద్ధయితే.

మొగులయ్య

తా.క.: పోశవ్వ అడగమంటున్నది. పులిహోర పొడి సగం సగం పంచుకునుడా, లేకుంటె చేసినోళ్లకే ఉంటదా?

అబిడ్స్,
నవంబర్ 25

బావగారూ,

మీరు రాయకపోయినా నేను రాస్తాను. మీ ఉత్తరం సుబ్బరత్నానికి చూపించలేదు. పొడి ప్రస్తావన చూస్తే ఆవిడ తట్టుకోలేదు.

విడిగా పోదామన్నారు. ఆ ఒక్క మాట వద్దు బావగారూ. ఇంకేమైనా అనండి, పడతాను. చీకటి సంగతి నేను రాయకుండా ఉండాల్సింది. డ్రైవరని కాదు, ఒట్టు. డబ్బు మిగిలిందన్న సంబరంలో ఒక మనిషి కోరికను లెక్కలోంచి కొట్టేశాను. బ్యాంకు బుద్ధి, క్షమించండి.

పట్నాలు నాకు వద్దు. నిన్న ఆదివారం ఆ గైడు పుస్తకం తీసుకెళ్లి ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే బీరయ్యకు ఊరికే ఇచ్చేశాను. వీధులన్నీ నా బుర్రలో ఎలాగూ ఉన్నాయి, ఉండనివ్వండి. కొండలకే పోదాం, పట్టపగలే పోదాం. కాని ఆరుగురం పోదాం. కలిసి పోదాం.

మీ గుండె నిమ్మళించే సంగతి ఒకటి రాస్తాను. నిన్న సాయంత్రం లహరి, మల్లేష్ గంటసేపు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. అమ్మాయి ఇక్కడ నవ్వు, అతను అక్కడ నవ్వు. కొండల్లో చలిగా ఉంటుంది, నీకు ఏ రంగు స్వెటర్ కొనను అని అల్లుడు అడిగాడట. చూశారా, మనం ఊరికే కంగారు పడుతున్నాం.

ఎప్పటికీ మీ బావ,
అమరేశ్వరరావు

తా.క.: నీలం రంగు అని చెప్పింది. చేతులు పొడుగ్గా, మెడ దగ్గర గుండీలు ఉన్నది. ఇలాంటివి ఎవరూ కల్పించి రాయలేరు కదా.

నాంపల్లి,
డిసెంబర్ 1

బావా,

మీరు చెప్పిన ఆ ఆదివారం సాయంత్రం మల్లేష్ కొండాపూర్‌ల లేడు. మా ఇంట్ల ఉన్నడు, జరంతోటి. ఫోన్ బందు చేసి, నా పక్కపొంటి పండుకున్నడు. తడిబట్ట ఏసుకుంట కూసున్నది నేనే. వాడు ఎవరితోటి మాట్లాడలేదు, నవ్వలేదు. వాడు నవ్వక చానా రోజులైంది.

ముందుగాల నాకు కోపమొచ్చింది. తర్వాత ఆ నీలం స్వెటర్ కాడికొచ్చి ఆగిన. చేతులు పొడుగు, మెడకాడ గుండీలు. గిన్ని గుర్తులు ఎవరు రాస్తరు బావా? అబద్ధమాడ చేతగానోడే రాస్తడు. అప్పుడు సమజైంది. మీకు తెలుసు. మొదటి ఉత్తరం రాసేటప్పటికే తెలుసు.

నాకు గూడ తెలుసు. ఆగస్టులనే అయిపోయింది. ఇద్దరు ఇష్టపడి కోర్టుల విడాకులు తీసుకున్నరు, బయటికొచ్చి కలిసి చాయ్ తాగిన్రంట, చెరో దిక్కు పోయిన్రంట. మల్లేష్ నాకు చెప్పి, "లహరోళ్ల నాయినకు బీపీ, ఆమె ఇంక చెప్పలేదు, నువ్వు నోరు జారకు" అన్నడు. మీకు లహరి ఏమన్నదో నేను చెప్పనా? "మామకు గుండె, ఆయనకు తెలియనియ్యొద్దు" అన్నది. అవునా కాదా?

నా గుండెకు దెబ్బ తగులుతదని మీరు ఇన్ని రోజులు దాచిన్రు. విడాకుల సంగతి ఇన్న నాడే నాకు ఛాతీల నొప్పి లేచింది బావా. స్టెంట్ పడ్డది గందుకే. మీరు దాచుడు మొదలువెట్టేటాల్లకు తగిలేది తగిలింది, దవాఖాన బిల్లు గూడ కట్టినం.

ఫోన్‌ల మాట్లాడితే గొంతు పట్టిస్తది, ఎదురుంగ కూసుంటె మొఖం పట్టిస్తది. గందుకే ఇద్దరం కాగితాలు పట్టుకున్నం. నా ఫోన్ బియ్యం డబ్బాల పెట్టింది గూడ పోశవ్వ కాదు, నేనే.

పిల్లల కాపురం పోయిందని మస్తు ఏడ్చిన. గని మీతోటి మాట పోతదేమోనని అంతకంటె ఎక్కువ భయపడ్డ. కొండలా, పట్నాలా అని కొట్లాడినన్ని రోజులు బావనే గద అనుకున్న. ఆఖరుకు విడిగ పోదామని నా చేతితోటే రాసిన. పెన్ను ఇరగ్గొట్టుకోవాల్సింది. పోశవ్వను అడిగిన, ఇప్పుడు ఆయనను బావ అనొచ్చునా అని. "సంతకాలు పిల్లలు పెట్టిన్రు, మీరిద్దరు పెట్టలేదు గద" అన్నది.

ఇగ ప్రయాణం సంగతి. అంజన్ తోటి లెక్క మల్ల చేపిచ్చిన. ఆరుగురికి ఏదో ఒకటే వస్తదని మీరు రాసింది నిజమే. నలుగురికి వేయమన్న. పారిస్ వస్తున్నది, రోమ్ వస్తున్నది. స్విట్జర్లాండ్ బదులు ఆస్ట్రియాల దిగితే కొండలు గూడ వస్తున్నయి, పగటి రైలుకు. మీ బడ్జెట్‌ల ఒక్క తప్పు లేదు బావా. ఇద్దరు మనుషులు ఎక్కువున్నరు, గంతే. "మస్తు కుదిరింది అంకుల్, ఇట్ల ఎవరికి కుదరదు" అని అంజన్ ఒకటే సంబరం. నేను ఔ అన్న. అని, బయటికొచ్చి నాంపల్లి స్టేషన్ ముందట చానాసేపు ఊకె నిలవడ్డ.

పోదామా? నలుగురం?

ఇట్లు,
సంతకం పెట్టని మీ బావ,
మొగులయ్య

తా.క. 1: ఇయ్యాల ఫుట్‌పాత్ మీద మీ పుస్తకం దొరికింది, మొదటి పేజీల మీ పేరుతోటి. మీరు ఊరికె ఇచ్చిన పుస్తకానికి బీరయ్య నాతోటి బేరమాడిండు. పాతది గాబట్టి ఎక్కువ ధర అన్నడు. ఫ్రాంకులు ఇస్తనంటే తీసుకోలె.

తా.క. 2: ఈ ఉత్తరం పోస్టుల వేస్తలేను. పుస్తకంల పెట్టి నేనే తెస్తున్న. కాగితం మీ తలుపు సందుల నుంచి లోపలికి తోసి, పుస్తకం పట్టుకొని మెట్ల మీద కూసుంట. సదివినంక తలుపు మీరే తీయండ్రి. బిడ్డ లహరి తీస్తే నన్ను మామా అంటదో, అంకుల్ అంటదో. అది ఇననీకె నాకింక ధైర్యం రాలేదు.