ఆశ్రితకు పదిహేను నిమిషాలు

జహనుమా,
సెప్టెంబర్ 1

ప్రభువునందు పెద్దలైన బేబీ ఆంటీ గారికి, ఆశ్రిత వందనాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయడానికి కారణం ఒక్కటే. ఆ ఆదివారం కరపత్రం 18నే అచ్చుకు వెళ్తుంది. 21న, స్త్రీల ఆదివారం నాడు, “రోజూ ధ్యానం: నా అనుభవం” గురించి నేను మాట్లాడతానని మన స్త్రీల సమాజం పెద్దగా మీరు బోర్డు మీద రాయించారు. ఆంటీ, నాకు ఆ అనుభవం లేదు. ఒక్క వాక్యం పట్టుకొని పదిహేను నిమిషాలు మౌనంగా కూర్చోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. కూర్చోలేదు. లేనిది ఉందని మందిరంలో నిలబడి చెప్పలేను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అందుకని గల్లీ కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. పొద్దున కళ్లు మూసుకోగానే ఎవరో ఒకరు, “ఆశ్రితా, ఆధార్ల పేరు తప్పు పడ్డది, జర చూడు బిడ్డా” అంటారు. పదిన్నరకల్లా చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో బిల్లులు రాస్తుండాలి. సాయంత్రం వచ్చేసరికి గడప మీద గ్యాస్ ఫారాలు. నాన్న అయితే, “కండ్లు మూసుకున్నవంటే ఖాళీనే ఉన్నవ్ గదా, గీ ఓటీపీ జెప్పు” అంటాడు.

దయచేసి నా పేరు తీసేయండి. లేదంటే ఆ పదిహేను నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.

మీ సంఘపు బిడ్డ,
ఆశ్రిత

తా.క.: మీరు కనబడలేదు. అందుకని దీన్ని ప్రార్థన విన్నపాల డబ్బాలో వేస్తున్నాను.

*

సెప్టెంబర్ 6

బిడ్డ ఆశ్రితకు, బేబీ ఆంటీ దీవెనలు.

డబ్బాల పడ్డదంటే అది విన్నపమే. నిన్న ఉపవాస ప్రార్థనల మైకుల చదివిన. పదిహేను నిమిషాల నిమ్మళం గూడ లేదనంగనే సిస్టర్లు ఒకటే ఏడుపు. “పిల్లకు ఇంట్ల ఎంత లొల్లి ఉన్నదో!” అన్నరు. రేపటి సంది ఏడు రోజులు సాయంత్రం పూట మీ ఇంట్లనే కూడిక పెడుతున్నం. ఢోలక్ మేమే తెస్తం. నీ పేరు తియ్య. ఫికర్ జెయ్యకు.

నీ మేలు కోరే,
బేబీ ఆంటీ

తా.క.: చాయ్ చాలు. కిషన్‌బాగ్ కూడికల సమోసలు పెట్టిన్రు, అది వేరే సంగతి.

*

సెప్టెంబర్ 10

గౌరవనీయులైన బేబీ ఆంటీకి, ఆశ్రిత వందనాలు.

నా నిమ్మళం కోసం మూడు రోజులుగా ఇరవై ఇద్దరు వస్తున్నారు. మీ ప్రేమ గొప్పది. కానీ ఆఖరి ఆమెన్ అనగానే ప్రతి సిస్టరూ సంచిలోంచి ఒక కాగితం తీస్తున్నారు. “ఎట్లాగూ వచ్చినం గదా బిడ్డా” అంటున్నారు. నిన్న ప్రార్థన అరగంట, ఫారాలు రెండు గంటలు.

మా ఇంట్లో లొల్లి లేదు ఆంటీ. ఉన్న లొల్లంతా ఆదివారం నుంచి వస్తున్నదే. దయచేసి కూడికలు ఆపించండి.

వేడుకుంటూ,
ఆశ్రిత

తా.క.: మీ పింఛను ఫారంలో సంతకం పెట్టాల్సిన చోట “ఆమెన్” అని రాశారు. కొత్త ఫారం తెచ్చుకోండి.

*

సెప్టెంబర్ 11

బిడ్డా ఆశ్రితా,

ప్రార్థన వద్దన్న పిల్లను మన సంఘంల ఇప్పటిదాంక సూడలే. సిస్టర్లు బుగులుపడ్డరు. “పిల్ల లోపట ఏదో జొరబడ్డది” అంటున్నరు. అందుకే ఏడు రోజులను ఇరవై ఒకటి చేసినం. శనివారం ఆరింటికి గట్టి ప్రార్థన. ధైర్యంగ ఉండు.

బేబీ ఆంటీ

తా.క.: కొత్త ఫారం తెస్తున్న.

*

సెప్టెంబర్ 14

బేబీ ఆంటీ గారికి వందనాలు.

శనివారం మీరు వచ్చేసరికి మా తలుపుకు తాళం ఉంది. ఆ మాట నిజం. మీ అందరికీ శ్రమ కలిగింది, క్షమించండి. ఇంతకన్నా రాయలేను. “రోజూ ధ్యానం” గురించి మాట్లాడలేనన్న మాట మాత్రం మారలేదు.

ఆశ్రిత

తా.క.: అమ్మ మీతో ఏమైనా చెప్పిందా?

*

సెప్టెంబర్ 15

బంగారు తల్లి ఆశ్రితకు, బేబీ ఆంటీ రాసేది.

తాళం ఉన్నదని రాసినవ్, ఇంట్ల లేనని రాయలే. అందుకే నువ్వంటే నాకు ఇష్టం.

బిడ్డా, తాళం ఏసిన ఇంట్ల కుక్కర్ కూసింది. “సూసిన్రా, దయ్యం!” అని సిస్టర్లు లేచిన్రు. మూడో కూతకు పొయ్యి బందైంది. “దయ్యం కూతలు లెక్కపెడతదా? కూసోండ్రి” అన్న. అప్పుడే మీ అమ్మ కూరగాయల సంచి పట్టుకొని వచ్చింది. తాళంచెవి కొంగుకే కట్టి ఉన్నది. మమ్ముల సూసి ఏం జెయ్యాల్నో తోచక మా పక్కకే మెట్ల మీద కూసున్నది. అడిగితే ఆమె అబద్ధమాడాల్సి వస్తదని నేను అడగలే. అడుగుతనేమోనని ఆమె కదలలే. మా ఇద్దరిని సూసి సిస్టర్లు గూడ నోరు మెదపలే. గట్ల పదిహేను నిమిషాలు. లోపల నువ్వు, బయట మేము.

ఒక నిజం చెప్త. ధ్యానం మీద నీ పేరు ఎందుకు రాయించిన్నో తెలుసా? నాకు రాదు గనుక. నలభై ఏండ్ల సంది దేవునితోటి నేనే మాట్లాడుతున్న, ఆయనకు సందు ఇయ్యలే. చదువుకున్నదానివి, నీకు తెలుసనుకున్న. శనివారం మీ మెట్ల మీద మొదటిసారి ఊకున్న. మస్తు భయమైంది, మస్తు మంచిగ గూడ అనిపించింది.

కరపత్రంల “రోజూ” అన్న మాట కొట్టేపిస్త. ఒక్క శనివారం కూసున్ననని చెప్పు, అదే చాలు. ఇంక మీ ఇంట్ల కూడికలు బంద్.

నీ తోటి విద్యార్థి,
బేబీ

తా.క.: మళ్ల ఎప్పుడు తాళం ఏసుకుంటవో పద్దెనిమిదో తారీకు లోపట రాయి, కరపత్రంల ఏపిస్త. మేం వచ్చి మెట్ల మీద కూసుంటం. తలుపు కొట్టం.