మీ మామ ఉన్నారా?

పాకాల

మహితమ్మకు,

నేను దామోదరాన్ని. ఢిల్లీబాబు నాయనను. ఎదురుగా నిలబడి మాట్లాడేది నాకు రాదు. ఫోనులో అసలే రాదు. అందుకని రాస్తా ఉండాను.

మావాడు చేసుకుంటే నిన్నే చేసుకుంటానంటాడు. నీది మూలా నక్షత్రమంట. మూల పిల్ల కోడలిగా వస్తే మామ దక్కడంటారు. నేను ఒప్పుకోను. వాడు నా మాట వినడు. నువ్వే వద్దని చెప్పేయి.

అంతే.

దామోదరం

*

తిరుపతి

మామయ్యకు నమస్కారం.

ఈ పిలుపు మీకు నచ్చదని తెలుసు. అయినా పిలుస్తాను.

నేను చదివేది స్టాటిస్టిక్స్. మూల కోడలొస్తే మామ పోతాడన్నది నిజమో కాదో అడిగి తేల్చుకోవచ్చు. పాకాలలో, చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తాను. కోడళ్లకు రెండే ప్రశ్నలు. మీ నక్షత్రం ఏది? మీ మామ ఉన్నారా?

మూల కోడళ్ల ఇళ్లలోనే మామలు ఎక్కువగా పోయి ఉంటే ఢిల్లీబాబును వదిలేస్తాను. లేదంటే మీరు నోరెత్తకుండా అక్షింతలు వెయ్యాలి. సరేనా?

మహిత

*

పాకాల

మహితకు,

నన్ను మామ అనొద్దు. నోరెత్తకుండా ఉండేది నాకు కొత్త కాదు, నువ్వు నేర్పించే పన్లేదు.

మొన్న కాగితాలు పట్టుకోని మా వీధికి వచ్చినావు. మా తలుపు తట్టినావు. నేను లోపల కిటికీ దగ్గరే ఉండాను, తీయలేదు. టీ అంగడి నాగులమ్మ నిన్ను అడిగింది కూడా విన్నాను. “నీది మూలనా తల్లీ? అట్లయితే దామోదరానికి పాడె కట్టేసి, ఆ తర్వాత పందిరేస్తే సరిపాయె!” అని. వీధంతా నవ్వినారు. నువ్వు తల వంచుకోని రాసుకుంటా ఉండావు. రోషం లేదా నీకు?

పందెం సరే. మాట మీద నిలబడు. ఇంటికి మాత్రం రావద్దు. నేను మాటిమాటికీ కాట్పాడి రైలెక్కి పోతా ఉంటాను. ఏం పనని మావాడితో అడిగించొద్దు.

దామోదరం

*

తిరుపతి

మామయ్యకు,

సంతోషించండి. మూల కోడళ్ల ఇళ్లలో చాలావాటిలో మామలు లేరు. వేరే నక్షత్రాల కోడళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉన్నారు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లి, ఎప్పుడు పోయారని అడిగాను. దాదాపు అందరూ పెళ్లికి ముందే పోయారు! మూల పిల్లకు మామ లేని సంబంధమే వెతుకుతారు కదా. మా అమ్మ కూడా నాకు అలాంటివే చూస్తోంది. అది తెలిసీ ‘ఎప్పుడు’ అనే ప్రశ్న పెట్టలేదు నేను. మామ ఉండగా కాపురానికొచ్చిన మూల కోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లను బట్టి ఏమీ చెప్పలేం.

పందెం మాటకొస్తే ఓడింది నేనే. వదిలేస్తాను. ఒక్కటి చెప్పండి. వీధిలో అందరూ తలుపు తీశారు, మీరు తప్ప. నేనంటే అంత అసహ్యమా?

మహిత

*

పాకాల

అమ్మా మహితా,

అసహ్యం కాదు. నీ ఎదురుగా నిలబడి మూల అని అబద్ధం చెప్పలేక తీయలేదు.

మూలా లేదు, గీలా లేదు. నేను నమ్మను. కాట్పాడిలో దిగి వేలూరు ఆస్పత్రికి పోతా ఉండాను. గుండె. ఆపరేషనుకు తట్టుకోదన్నారు. ఇంట్లో చెప్పలేదు. నువ్వు వచ్చినాక నేను పోతే, నాగులమ్మ నోరు ఊరుకుంటుందా? బతికినన్నాళ్లూ నిన్ను మామను మింగిందంటారు. అందుకే వద్దన్నాను.

నీ జాబు చదివినాక నిద్ర పట్టలేదు. నిన్న నాగులమ్మ అంగడికి పోయి, అందరి ముందరా నిలబడినాను. “నాకు గుండె జబ్బు. మూడేళ్లుగా ఉండాది. ఆ పిల్ల మొహం చూడకముందు నుంచీ ఉండాది. నేను పోతే దాంతో పోయినట్టు. ఇంకో మాట అనేవాళ్లుంటే ఇప్పుడే నా మొహాన అనండి” అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాగులమ్మ గ్లాసు కడుగుతా ఉండిపోయింది.

మీ అత్త ఏడ్చింది, తిట్టింది. పొద్దున్నే ముహూర్తం పెట్టించడానికి అయ్యగారి దగ్గరికి పోయింది. ఆ ముహూర్తం జోలికి సర్వే తీసుకోని రావద్దు.

పందెం రద్దు చేసినాను. నీ కాగితంలో మా ఇంటి గడి ఖాళీగా ఉండాది కదా. మామ ఉన్నాడా అంటే, ఉండాడని రాసుకో. పక్కనే తేదీ కూడా వేసుకో.

ఇట్లు
మీ మామ