పులికి పంపిన మాటలు

అక్కకి,

చెల్లెలు సత్యవతి నమస్కారాలతో రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వు, బావగారు, పిల్లలు, నాన్న అందరూ బాగున్నారని తలుస్తాను. నా గురించి దిగులు పెట్టుకోకు. కంచరపాలెంలో గది బాగానే ఉంది, రైళ్ల మోతకి అలవాటు పడ్డాను. ఉక్కపోతే చంపేస్తోంది. వంట కుదరని రోజు ఇడ్లీ తెచ్చుకుంటున్నాను. పస్తులుండడం లేదు, ఒట్టు.

సీతమ్మధారలో మాది కుక్కలకీ పిల్లులకీ ఆసుపత్రి. మిగతావాళ్లు తలుపులు మూశాక మేం తెరుస్తాం, ప్రాణం మీదికొచ్చినవే మా దగ్గరికొస్తాయి. ఈమధ్య పులి అని ఒక కుక్క వచ్చింది. కిడ్నీలు పాడైపోయాయి. పెంచినవాడు ఓడలో పనిచేస్తాడు, తీసుకొచ్చింది వాళ్లమ్మ. సిగ్నల్ దొరికినప్పుడల్లా అతను మా ఆసుపత్రి ఫోనుకి మాటలు రికార్డు చేసి పంపేవాడు. "ఏరా పులీ, బువ్వ తిన్నావేటి? నానొచ్చేత్తన్నాను." చెవి దగ్గర పెడితే తోక కదిపేది, పిచ్చి సన్నాసి.

పులి పోయిందక్కా. వాళ్లమ్మ నా చేతులు పట్టేసుకుంది. "ఇప్పుడు సెప్పకమ్మా. నడిసముద్రంలో ఆడిని ఓదార్సీవోలెవులున్నారు? దిగొచ్చాక నానే సెప్తాను" అంది. సరేనన్నాను.

మర్నాడు మళ్లీ మాటలొచ్చాయి. అలవాటుగా నొక్కేసి, ఖాళీ బోను ముందు నిలబడి విన్నాను. మనం విన్నామని అటువైపు నీలం గుర్తు పడుతుంది కదా, వెంటనే ఇంకోటి పంపాడు. "ఇన్నాడేటండి? తోకూపాడేటి?" ఫోను బల్ల మీద బోర్లించి, బోను కడగడానికి వెళ్లాను. తర్వాత కూడా, వినకపోతే అనుమానపడతాడని వచ్చినవన్నీ వింటూనే ఉన్నాను. ఆ గొంతు నన్ను వదలడం లేదు. సెలైను మారుస్తుంటే వెనకనుంచి పిలిచినట్టుంటుంది. హార్బరులో ఓడ కూత వేస్తే చేస్తున్న పని ఆపి ఫోను చూస్తున్నాను.

నిన్నటిది మాత్రం నాకే పంపాడు. "పులి లేడని తెలుసండి. మాయమ్మ ఎప్పుడు ఫోన్ సేసినా ఆడిని తిట్టీది, మందు ఊసేత్తన్నాడనీ, తిప్పలెడతన్నాడనీ. ఇప్పుడొక్క మాటా తిట్టట్లేదు. నాకు తెలిసిపోయిందని అమ్మకి సెప్పకండి, బెంగెట్టుకుంటాది. మీరు మాత్రం నా మాటలు ఇంటా ఉండండి."

బోరున ఏడ్చాను. ఇద్దరి గుట్టూ ఇప్పుడు నా దగ్గరే ఉంది.

అక్కా, ఒకటి అడుగుతాను. ఈ రాత్రి ఉద్యోగం మానేసి రమ్మని నన్ను తిట్టకుండా నువ్వెప్పుడూ ఫోన్ పెట్టేదానివి కాదు. ఈమధ్య ఒక్క మాటా అనడం లేదు. ఎప్పుడడిగినా నాన్న పడుకున్నారంటున్నావు. నా మీద ఒట్టు, ఉన్నదున్నట్టు రాయి. సెలవు అడిగి ఉంచాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నాన్నకి నా దండాలు చెప్పు. ఏమన్నారో అది రాయి.

నీ చెల్లెలు
సత్య