నిన్ను చూసి వచ్చామన్నారు

పాప వాళ్ళ అమ్మకు,

ఇక్కడ నేనూ, పాపా, మా అమ్మా కులాసాగానే ఉన్నాం. జైల్లో ఉన్న మనిషిని కులాసాయేనా అని అడగడానికి నోరు రావడం లేదు. ఉన్నదున్నట్టు రాయి, చాలు. సెలవు మీద వచ్చి తిరిగి ఆ దేశం వెళ్తున్న, ఆసుపత్రిలో నీతోపాటు పనిచేసిన మీ వార్డు నర్సు చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను కాబట్టి ఈసారి మనసు విప్పి రాస్తున్నాను.

పాపకు జడలు ఎవరు వేస్తున్నారని అడిగావు. నేనే. పొద్దున స్కూలు బస్సు తీసేముందు నా సీట్లోనే కూర్చోబెట్టి వేస్తాను. ఒకటి తూర్పు చూస్తే ఒకటి పడమర చూస్తుంది. "బస్సు తిన్నగానే నడుపుతావు గదా నాన్నా, జడ దగ్గరికొచ్చేసరికి ఏమైంది నీకు?" అంటుంది. మా అమ్మకు చూపు ఆనదు గానీ, ఆ జడలు చేత్తో తడిమి మరీ నవ్వుతుంది.

ఇక కేసు సంగతి. "దెబ్బలతో ఆసుపత్రికి వచ్చినవాడికి కట్టు కట్టినందుకు జైల్లో పెట్టారు. వాడు ఏ పక్షంవాడో నాకేం తెలుసు? ఆ మాట జడ్జికి చెప్పడానికి నాకు లాయరైనా లేడు" అని నువ్వు రాసినప్పుడే సుప్రీంకోర్టు మెట్లెక్కాను. మన లాయరమ్మ ముందే చెప్పింది. "మీ భార్యను వదిలిపెట్టమని ఆ దేశానికి చెప్పే అధికారం మన కోర్టుకు లేదు. మన ప్రభుత్వాన్ని కదిలించమని మాత్రం అడగొచ్చు. మన అధికారి జైలుకు వెళ్ళి ఆమెను చూడాలి, లాయరును పెట్టాలి. అంతవరకే అడుగుదాం" అంది.

ప్రభుత్వం తరఫు లాయరు లేచి, పరాయి దేశాలతో వ్యవహారం ప్రభుత్వం చూసుకునే పని, అందులో కోర్టు వేలు పెట్టకూడదన్నాడు. పెద్ద జడ్జి ఆయన చెప్పిందంతా విని, "ఎలా మాట్లాడాలో మేం చెప్పం. అసలు మాట్లాడకుండా కూర్చుంటే మాత్రం, ఎందుకని అడుగుతాం" అన్నాడు. ఆ మాటకు వెనక బెంచీ మీద కూర్చున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

తరువాతి వాయిదాకు ప్రభుత్వం ప్రమాణపత్రం దాఖలు చేసింది. మన అధికారి జైలుకు వెళ్ళి నిన్ను చూశాడట. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావట. లాయరును కూడా పెట్టారట. కోర్టు ఆ మాట రాసుకుని కేసు ముగించింది. బస్సుల షెడ్డులో మెకానిక్కులు నన్ను భుజాలకెత్తుకున్నంత పని చేశారు. అమ్మ ఎప్పుడొస్తుందని పాప అడిగితే, అన్నాళ్ళూ మాట దాటేసినవాణ్ణి, ఆ రోజు "త్వరలో" అన్నాను.

ఆ సంబరం తీరకముందే నీ ఉత్తరం వచ్చింది. "మనవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ రాలేదు. రారని తెలిస్తే ఆ మాటే చెప్పు, ఎదురుచూడటం మానేస్తాను" అని రాశావు. బస్సు మెట్టు మీదే కూలబడ్డాను. పిల్లలు నన్ను దాటుకుని ఎక్కారు.

అదే ఉత్తరంలో ఇంకోటి అడిగావు. దానికి జవాబు రాయాలా వద్దా అని ఇంతసేపూ తాత్సారం చేశాను. "తమ్ముడు విదేశాంగ శాఖలోనే పనిచేస్తున్నాడు గదా, వాడేమైనా చేస్తున్నాడా?" అన్నావు. చేశాడు. ఆ ప్రమాణపత్రం కింద సంతకం వాడిదే.

వాడి ఆఫీసుకే వెళ్ళాను. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అక్కను చూసొచ్చావా?" అన్నాను.

"కూర్చో బావా."

"చూశావా, లేదా?"

"వెళ్ళాలనే అనుకున్నాం. ఆ దేశంతో చమురు ఒప్పందం కుదిరేదాకా ఆ జైలు గడప తొక్కొద్దని పైనుంచి చెప్పారు. కోర్టేమో గడువు పెట్టింది. ఏదో రాసి తెచ్చారు, పెట్టాను."

"ఇంత పెద్ద ఆఫీసులో నువ్వే దొరికావా?"

వాడు తలెత్తలేదు. "నా సంతకం ఉంటే నువ్వు అనుమానించవని" అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ప్రభుత్వానికి నువ్వెవరో తెలియదు, సరే. మీ అమ్మ పోయాక నువ్వు చంకనేసుకుని తిరిగి పెంచినవాడికి తెలియదా?

నీ ఉత్తరం పట్టుకుని మళ్ళీ కోర్టుకెళ్ళాం. పెద్ద జడ్జి చదివి, పక్క జడ్జికి అందించాడు. తరువాత ప్రభుత్వ లాయరుతో, "ఆ దేశం జైలు తలుపు మేం తీయించలేం. మా ఎదుట నిలబడి మీరు అబద్ధమాడితే ఊరుకోం" అన్నాడు. సంతకం పెట్టిన అధికారే స్వయంగా వెళ్ళాలనీ, లాయరును పెట్టాలనీ, నీ వాంగ్మూలం నీ సంతకంతో తేవాలనీ ఆర్డరు వేశారు. విడిపించమని కాదు. కోర్టు చెయ్యి అంతవరకే సాగింది.

కాబట్టి నిన్ను చూడటానికి వస్తున్నది మీ తమ్ముడే. నిన్న మన ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అక్కకేమైనా చెప్పమంటావా బావా?" అన్నాడు. పాప "మామయ్యా" అంటూ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. నేను మాత్రం వాణ్ణి లోపలికి పిలవలేదు. వాడికంటే ముందు ఈ ఉత్తరం నీకు చేరాలని రాత మొదలుపెట్టాను.

వాణ్ణి క్షమిస్తావో, మొహం చూడనంటావో నీ ఇష్టం. మీ అక్కాతమ్ముళ్ళ మధ్యకు నేను రాను. ముందు లాయరెవరో, నిన్నెప్పుడు కలుస్తాడో గట్టిగా అడుగు. వాడు తెచ్చిన కాగితం వాడు చదివి వినిపిస్తానన్నా ఒప్పుకోకు, మొదటి అక్షరం నుంచి నువ్వే చదువుకో. నిన్ను ఆ ఊచల వెనక చూసి వాడు ఏడుస్తాడు. నిజంగానే ఏడుస్తాడు, నాకు తెలుసు. వాడెంత ఏడ్చినా సరే, చదవకుండా మాత్రం సంతకం పెట్టకు.

ఇట్లు,
ఇంట్లో నీ చోటు నీకే ఉంచిన
మీ ఆయన