కమాను కింద కేకు డబ్బా

పక్కింటి మేవిస్ గారికి,
క్లెమెంట్ నమస్కారాలు.

మీరు పంపిన షాజీరా కేకు అందింది. అద్భుతం! గోడ మీంచి పిలిచి చెప్పొచ్చుగానీ, మీరు ఎదురుపడితే నాకు మాట పెగలదు. నలభై ఏళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పక్క స్టేషన్లతో గంటలు కొట్టే మాట్లాడినవాణ్ని.

అలాంటి కేకు ఇంకొకటి దొరుకుతుందా? సరిగ్గా అంతే సైజు గుండ్రటి డబ్బాలో?

క్లెమెంట్

తా.క.: మొదటి డబ్బా త్వరలో పంపిస్తాను. చిన్న పనిలో ఉంది.

*

క్లెమెంట్ గారికి,
మేవిస్ వ్రాయునది.

మా ఆయన హొరేస్ పోయాక నా కేకు రెండోసారి అడిగినవారు మీరే. సంతోషం పట్టలేక పెద్ద డబ్బాలో పెద్ద కేకే చేశాను. షాజీరా ఇంకో గుప్పెడు వేశాను. ఒంటరి మనిషి, కడుపు నిండా తినండి.

మేవిస్

తా.క.: మీ పెరట్లో ఇసుక, సిమెంటు కనిపిస్తున్నాయి. ఒంట్లో బాగానే ఉందిగా? సమాధికి అప్పుడే తొందరపడకండి.

*

మేవిస్ గారికి,

పెద్దది వద్దండీ! అడ్డంగా ఎనిమిది అంగుళాలుండే కేకే నాకు అరుగుతుంది.

మీ క్లెమెంట్

తా.క.: ఎనిమిదింబావు కూడా పనికిరాదు.

*

క్లెమెంట్ గారికి,

నచ్చకపోతే నచ్చలేదనండి, అంగుళాలెందుకు? మొదట పంపిన ఆ పాత డబ్బా మా అమ్మది. ఆమె గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. శనివారం చర్చి సంతకి కావాలి. పంపించండి.

మేవిస్

తా.క.: ఈసారి 'మీ క్లెమెంట్' అని రాశారు. చూశాను.

*

మేవిస్ గారికి,

తప్పయిపోయింది. పెరట్లో నా బొమ్మ రైలు నీటి గుంట దాటడానికి మూడు కమానుల వంతెన కడుతున్నాను. మొదటి కమానుకి మీ డబ్బానే అడుగున సెంటరింగుగా పెట్టి పైన కాంక్రీటు పోశాను. గట్టిపడింది. డబ్బా రానంటోంది.

ఆరు వారాల కష్టం పోతే పోయింది, మీ అమ్మగారి డబ్బా కంటే ఎక్కువా? సుత్తి తీసుకొచ్చాను. రేపు పగలగొడతాను.

సిగ్గుతో,
క్లెమెంట్

తా.క.: బరువు పరీక్షకి మీ పెద్ద కేకు దాని మీద పెట్టాను. వంతెన చెక్కుచెదరలేదు. కేకూ చెక్కుచెదరలేదు.

*

క్లెమెంట్,

ముందు ఆ సుత్తి కింద పెట్టండి.

డబ్బాకి వెన్న రాశారా? రాసి ఉండరు. కేకయినా కాంక్రీటయినా వెన్న రాయని డబ్బాని వదలదు. ఇది మా అమ్మ నేర్పింది.

మీరు కాంక్రీటు పోస్తున్నప్పుడే మేడమీది కిటికీలోంచి చూశాను, తెలియనట్టు ఉన్నాను. నా కేకులు ఎవరు తింటున్నారో కూడా చూశాను. ఆ పావురాలు పాపం ఎగరలేక మీ వంతెన మీద నడుస్తున్నాయి. పెద్ద డబ్బా పంపింది కావాలనే. ఎన్ని సార్లు తప్పు సైజు పంపితే అన్ని ఉత్తరాలొస్తాయని ఆశ. హొరేస్ పోయాక ఈ ఇంటికి కరెంటు బిల్లు తప్ప ఇంకేదీ రాలేదు.

అమ్మ డబ్బా అక్కడే ఉండనివ్వండి. అదెలాగూ నా దగ్గరికి రాదు, దాని మీదుగా మీ రైలైనా రావాలి. గోడలో అడుగున నాలుగు ఇటుకలు ఊడదీశాను. పట్టాలు ఇటు పొడిగించండి. ఆదివారం నాలుగింటికి టీ.

మీ మేవిస్

తా.క.: మిగతా రెండు కమానులకి ఎనిమిది అంగుళాల డబ్బాలు పంపుతున్నాను. ఖాళీవే, భయపడకండి. ఆదివారం మాట పెగలకపోతే గంట కొట్టండి. తలుపు తీస్తాను.